ఇనుప మిడతలు – పదకొండో భాగం: గొల్లభామ చేతులు

పోయిన భాగం రికార్డింగు గది తలుపు దగ్గర ఆగింది. గిన్నెల స్టాండు మొత్తం ఒక్కసారిగా మెట్ల మీదుగా దొర్లినట్టు లోపల్నుంచి ఒక మోత వచ్చింది. మన చార్టమ్మ రెండు చెవులూ మూసుకుంది. మూడు వారాలు కళ్లు పీక్కుపోయేలా తను రాసిన కాగితాల్లోంచి పుట్టిన పాట అదేనంటే ఆమెకి ఒక పట్టాన మింగుడు పడలేదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇనుప మిడతలంటే మనుషులు కారు, ఆరేళ్లుగా టీవీలో వస్తున్న బొమ్మల బ్యాండు. కందిరీగ పాడుతుంది, గొల్లభామ గిటార్ వాయిస్తుంది, సాలీడు బేస్ గిటార్ పట్టుకుంటుంది, పేడపురుగు డ్రమ్స్ బాదుతుంది. వాయించేది మెటల్, అంటే చెవులు చిల్లులుపడే రాక్ సంగీతం. అప్పట్లో చూసిన పిల్లలకి మీసాలొచ్చాయి, అయినా ఇంకా చూస్తూనే ఉన్నారు. కథలో వాళ్ల తొమ్మిదో పాట వింటే లోకం బద్దలైపోతుంది. అందుకని ఆ పాట వంతు వచ్చినప్పుడల్లా మిడతలు మందపాటి అద్దం వెనక్కి పోయి వాయిస్తాయి. బొమ్మ కనిపిస్తుంది, శబ్దం ఉండదు. నిమిషం యాభై సెకన్ల మౌనం. ఆరేళ్లుగా జనం ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు, అసలా పాట ఎలా ఉంటుందీ అని.

ఇప్పుడు ఆ బ్యాండు పేరుతో నిజంగానే ఆల్బమ్ వస్తోంది. ఎనిమిది పాటలు సిద్ధం. తొమ్మిదోది కట్టాల్సిన సంగీత దర్శకుడు అలిగి వెళ్లిపోయాడు. రేపు సాయంత్రం ఐదింటికి తొమ్మిదో పాట చేతికి రాకపోతే ఆల్బమ్‌తో పాటు మిడతల్ని కూడా అటకెక్కించేస్తానని ప్రొడ్యూసర్ మేడం తెగేసి చెప్పింది. ఆవిడ మాట మీద నిలబడే మనిషి, అదే వచ్చిన చిక్కు.

మూడు వారాల కిందట, సంగీత దర్శకుడు వెళ్లిపోయిన రోజే చార్టమ్మకి ఒక ఆలోచన తట్టింది. ఆవిడ పని మామూలుగా ఇలా ఉంటుంది: ముందు శబ్దం రికార్డవుతుంది, ఆవిడ దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి విని, ఏ ఫ్రేములో ఏ అక్షరమో, ఏ దెబ్బో గళ్ల కాగితం మీద రాస్తుంది. సెకనుకి ఇరవై నాలుగు గళ్లు. ఆ చార్టు చూసి బొమ్మలు గీస్తారు. మరి అదే పని తలకిందులుగా చేస్తేనో? అద్దం వెనక గొల్లభామ వేళ్లు ఏ తీగ మీద, ఏ మెట్టు మీద ఉన్నాయో ఒక్కో ఫ్రేమూ చూసి రాసుకుంటూ పోతే, ఆ వేళ్లలో ఏదో ఒకటి ఉండకపోతుందా?

ఉంది. గిన్నెల మోత ఉంది.

“చార్టక్కా, నీ మీద ఒట్టు, రాసింది రాసినట్టే వాయించాను,” అన్నాడు జుట్టు, గిటార్ మెడలోంచి తీయకుండానే. నడుము దాకా జుట్టున్న గిటారిస్టుకి స్టూడియోలో వేరే పేరు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. “గొల్లభామ ఎడం చేత్తో మీటుతోంది కదా, అద్దంలో చూసినట్టు తిరగేసి చదివాను. పై తీగ లావుది, కింది తీగ సన్నది. తప్పేం లేదే!”

బోర్డు ముందు కూర్చున్న సౌండ్ ఇంజనీరు, మీటరు ముల్లు తప్ప లోకంలో ఇంకేదీ నమ్మని మనిషి కాబట్టి మీటర్ గారు, కళ్లజోడు తుడుచుకుంటూ నిట్టూర్చాడు. “అమ్మా, అది బొమ్మ. గీసినాయన చేతికొచ్చినట్టు గీశాడు. బొమ్మ కోడిని కోసి కూర వండుదామంటే కుదురుతుందా? పోనీ, నా దగ్గర పాత ట్యూనేదో ఉంది. రేపటికి దాన్నే కొంచెం గట్టిగా వాయించి ఇచ్చేద్దాం.”

చార్టమ్మకి ఒళ్లు మండింది. గీసినాయన ఆవిడ సొంత మేనమామ మరి. ముప్పై ఏళ్లుగా పెన్సిల్ తప్ప ఇంకోటి ఎరగని మనిషి. బొమ్మల లోకంలో ఎవరికైనా చేతికి నాలుగే వేళ్లు. ఒక వేలు తగ్గితే రోజుకి ఒక గంట పని తగ్గుతుంది కాబట్టి అందరూ అలాగే గీస్తారు. కందిరీగకి నాలుగు, సాలీడుకి నాలుగు. ఒక్క గొల్లభామకే అయిదు. ఎందుకండీ ఈ చాదస్తం అని పై వాళ్లు అడిగితే, “నాలుగు వేళ్లతో అది వాయించలేదు,” అని మావయ్య ఒక్క ముక్క చెప్పి మళ్లీ బల్ల మీదికి వంగాడట. అలాంటాయన చేతికొచ్చినట్టు గీస్తాడా?

“గంట టైమివ్వండి,” అని చార్టమ్మ కాగితాల గదికి పరిగెత్తింది.

ఆ గదిలో కిటికీ లేదు. నేల నుంచి కప్పు దాకా ఇనప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, పాత కాగితం వాసన. ఆవిడ మూడు వారాలూ చూసింది టీవీలో వచ్చిన బొమ్మని, అంటే క్లీనప్ సెక్షన్ వాళ్లు మెరుగులు దిద్ది, రంగులేసిన బొమ్మని. దానికి ముందు మావయ్య స్వయంగా గీసిన పెన్సిల్ కాగితాలు పదమూడు వందల పైచిలుకు ఈ గదిలోనే ఎక్కడో పడున్నాయి. స్టూలెక్కి, దుమ్ముకి నాలుగు తుమ్ములు తుమ్మి, మూడో అర వెనక నుంచి పెట్టె లాగింది. లైట్ బల్ల మీద మొదటి కాగితం పెట్టి స్విచ్ వేసింది.

ఒక్క చూపులోనే తేడా తెలిసిపోయింది. పెన్సిల్ బొమ్మలో గిటార్ కింది తీగ లావుగా ఉంది.

ఇంకో కాగితం తీసింది. అందులోనూ కింది తీగే లావు. పదో కాగితం, నూరో కాగితం, మధ్యలోంచి ఒకటి, చివర్నించి ఒకటి. అన్నింట్లోనూ మావయ్య కింది తీగనే పెన్సిల్ నొక్కి నల్లగా గీశాడు, పైకి పోయేకొద్దీ సన్నబరిచాడు. మార్జిన్లో మాత్రం ఎర్ర పెన్సిల్‌తో క్లీనప్ వాళ్ల చేతిరాత: ‘తీగలు తలకిందులు వచ్చాయి, సరిచేయాలి.’ సరిచేశారు. పాపం, గోడ మీద గిటార్ ఫోటో పెట్టుకుని మరీ, పదమూడు వందల కాగితాల్లోనూ ఎంతో శ్రద్ధగా సరిచేసి పారేశారు!

తీగలు తలకిందులు ఎప్పుడొస్తాయి? ఎడంచేతి వాటం మనిషి మామూలు గిటార్‌నే తిరగేసి పట్టుకుంటే వస్తాయి. తీగలు మార్చి కట్టుకునే ఓపికో, వీలో లేక, దొరికిందాన్ని దొరికినట్టే తిప్పి వాయించేస్తే వస్తాయి. చార్టమ్మకి అలాంటి మనిషి ఒకరు తెలుసు. కత్తెర నుంచి అట్లకాడ దాకా అన్నీ తిప్పి పట్టుకునే మనిషి.

కాగితాల్ని ఎడం చేతి వేళ్ల మధ్య ఇరికించుకుని గలగలా తిప్పింది, బొమ్మలవాళ్లు కదలిక చూసుకునే పద్ధతిలో. గొల్లభామ చెయ్యి కదిలింది. తీగలు మీటే పిక్‌ని అందరిలా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోలేదు. బొటనవేలు, మధ్యవేలు మధ్య పట్టుకుంది. చూపుడువేలు ఖాళీగా, కొంచెం పైకి లేచి ఉంది. ఆ వేలిని చార్టమ్మ పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తోంది. పుస్తకాలు కుట్టే లావు సూదిని అమ్మ సరిగ్గా అలాగే పట్టుకుంటుంది.

స్టూలు మీద కూలబడిపోయింది. పాట సంగతి తేల్చుకుని గానీ దీని గురించి ఎవరితోనూ నోరెత్తకూడదనుకుంది. పెట్టె చంకన పెట్టుకుని లేచింది.

చార్టు మార్చడం పెద్ద విద్యేం కాదు. ఆరో తీగ అన్నచోట ఒకటి, ఐదు అన్నచోట రెండు, నాలుగు అన్నచోట మూడు. అయినా గంటన్నర పట్టింది. జుట్టు కొత్త కాగితాలు స్టాండ్‌కి పెట్టుకుని ఒకసారి కళ్లతో చదువుకున్నాడు. చదువుతూ చదువుతూ, “అక్కా...” అన్నాడు. గిటార్ భుజాన సర్దుకున్నాడు.

మీటర్ గారు రికార్డు బటన్ నొక్కాడు, బొమ్మ కోడికి ఇదే ఆఖరి అవకాశం అన్న మొహంతో.

మొదటి నాలుగు దెబ్బలు మామూలుగానే ఉన్నాయి. ఐదోదాంతో గది మారిపోయింది. లావు తీగ కింద నుంచి గొణుగుతూ లేచింది, బరువైన ఇనప బీరువాని నలుగురు పట్టి ఈడుస్తున్నట్టు: ఒక లాగుడు, ఒక ఆపు, రెండు లాగుళ్లు, మళ్లీ ఆపు. ఆ ఆపులే భయంకరంగా ఉన్నాయి. ఆగిన ప్రతిసారీ ఇంతకంటే పెద్దదేదో వస్తుందనిపించేది, వచ్చేది. జుట్టు చిటికెన వేలు ఆ కొసకి సాగితేగానీ అందని చోట ఒక సన్నటి స్వరం పుట్టి, ఆ గొణుగుడంతటి మీదుగా, ఎవరికీ లొంగకుండా పైకి పోయింది. నిజంగానే నాలుగు వేళ్లతో అది వాయించలేరు.

తెర మీద శబ్దం లేకుండా బొమ్మ నడుస్తోంది. గొల్లభామ చెయ్యి పడ్డ క్షణాన స్పీకర్‌లో స్వరం పడుతోంది. వెంట్రుకవాసి తేడా లేదు. ఆరేళ్లుగా ఇంటింటా మూగగా ఆడిన బొమ్మలో ఈ పాట ఉంది! అందరి కళ్ల ముందూ ఉంది, ఒక్కరి చెవికీ చేరలేదు. చార్టమ్మకి ఒళ్లు గగుర్పొడిచింది. దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలీలేదు.

నిమిషం యాభై సెకన్ల దగ్గర పాట తెగిపోయింది. ముగియలేదు, వాక్యం మధ్యలో మాట ఆగినట్టు ఆగింది. మీటర్ గారు బోర్డు మీంచి రెండు చేతులూ తీసేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముల్లు వంక చూడనే లేదు.

“మిగతాది ఎక్కడుంది?” అన్నాడు. “అమ్మా, దీనికి మిగతాది ఉంది. ఉండి తీరాలి. ఎక్కడుందో కనుక్కో.”

మావయ్య గది పై అంతస్తులో. అన్నం వేళ కావడంతో ఆయన బల్ల మీదే డబ్బా తెరుచుకుని, ఒక చేత్తో తింటూ రెండో చేత్తో కందిరీగ రెక్క చెరుపుతున్నాడు. చార్టమ్మ పెన్సిల్ కాగితం ఒకటి తీసి డబ్బా పక్కన పెట్టింది.

“మావయ్యా, ఈ చేతులు ఎవరివి?”

“గొల్లభామవి.”

“మా అమ్మవి.”

ఆయన నమలడం ఆపాడు. డబ్బాకి మూత పెట్టాడు. నీళ్లు తాగాడు. జవాబు తప్పించుకోవడానికి ఇంకే పనీ దొరక్క చివరికి మేనకోడలి మొహం వంక చూశాడు.

“నేనేం చెప్పలేదమ్మలూ. నోరు విప్పనని మీ అమ్మకి మాటిచ్చాను. ఇరవయ్యారేళ్లయింది, తప్పలేదు. పెన్సిల్ గురించి మాత్రం అది అడగలేదు.”

“అమ్మ గిటార్ వాయించేదా?”

“వాయించేదా అని మెల్లిగా అడుగుతావేంటి! టైర్ల కొట్టు వెనక గోడౌన్‌లో, ఇంకో పిల్లతో కలిసి. గోడలకి ఆనించిన టైర్లు కూడా అదిరేవి. నేనప్పుడు బొమ్మల బడిలో ఉన్నాను. చేతుల బొమ్మలు వంద గీసుకురమ్మన్నారు. టైరు మీద కూర్చుని మీ అమ్మ చేతులు గీసేవాణ్ణి. నా కోసం నెమ్మదిగా, ఒక్కో పట్టూ ఆపి చూపించేది. వందకి ఆగలేకపోయాను. ఆ పాట ఎంతవరకు చూపించిందో అంతవరకు గీశాను. తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి గిటార్ ఎవరికో ఇచ్చేసి, పుస్తకాలు కుట్టే పనిలో చేరిపోయింది. ఎందుకే అంటే చెప్పదు. ఎవరి దగ్గరా ఈ ఊసెత్తనని ఒట్టు వేయించుకుంది.”

“పాట చచ్చిపోకూడదని దాచిపెట్టావా మావయ్యా?”

“అబ్బే, నాకంత లేదు.” ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. “నాకు పాట చెవికెక్కదు. ఏది పాటో, ఏది టైర్లకి గాలి కొట్టే మిషనో నాకిప్పటికీ తేడా తెలీదు. నాకు చేతులు తెలుసు. నా జన్మలో చూసిన చేతులన్నింట్లోకీ అవే బాగున్నాయి. అందుకని గొల్లభామని గీయమన్నప్పుడు ఆ పాత పట్లనే, అది వాయించినప్పటి వేగంతో వరసగా పేర్చాను, తప్పు గీయలేదు. అంతే.”

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు చార్టమ్మకి అక్కడ వచ్చేసింది. మావయ్య చెయ్యి తుడుచుకుని ఆవిడ తల మీద పెట్టాడు. “మిగతాది నా దగ్గర లేదు. దాని దగ్గరే ఉంది,” అన్నాడు. “తిడుతుంది. తిట్లు తినేసి అడుగు.”

అమ్మ పనిచేసే బైండింగు షాపు కాలేజీ సందులో ఉంది. పరీక్షల కాలం కావడంతో గోడ పొడుగునా పరిశోధన గ్రంథాల దొంతరలు, నేల మీద తోలు ముక్కలు, బంక గిన్నె. అమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎడం చేత్తో సూది లాగుతోంది. చూపుడువేలు పైకి లేచి ఉంది.

“ఈ వేళప్పుడు వచ్చావేంటే? ఒంట్లో బాగుందా?”

చార్టమ్మ బ్యాగు తెరిచింది. హెడ్‌ఫోన్లు తీసి అమ్మ చెవులకి పెట్టి బటన్ నొక్కింది.

సూది ఆగింది. నిమిషం యాభై సెకన్లు అమ్మ మొహంలో ఒక్క కండ కదల్లేదు. కుడి చేతి వేళ్లు మాత్రం కుట్టని పుస్తకం వీపు మీద ఒకదాని తర్వాత ఒకటి, ఎక్కడ పడాలో అక్కడ పడుతూ వచ్చాయి. పాట తెగాక కూడా అవి ఆగలేదు. ఇంకో నిమిషం పాటు, ఎవరికీ వినపడని మిగతా సగం ఆ అట్ట మీద నడిచింది. చార్టమ్మ కళ్లప్పగించి చూసింది. అన్నం కలిపి పెట్టిన చేతులవి, జడలేసిన చేతులవి. వాటి ముందు నిలబడాలంటే ఇప్పుడు ఆవిడకి బెరుగ్గా ఉంది.

అమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. తిట్టలేదు.

“మీ మావయ్యకి సిగ్గు లేదు,” అంది. “బాగా గీశాడు.”

“అమ్మా, రేపు ఐదింటికి ఈ పాట ఇవ్వాలి. ఇవ్వకపోతే మిడతలు లేవు, నా పనీ లేదు. మిగతాది నువ్వు వాయించు. ఆల్బమ్ మీద నీ పేరు వేయిస్తాను.”

“నా పేరెందుకు? పాట నాది కాదుగా.”

చార్టమ్మ స్టూలు దగ్గరికి జరిగింది. “మరెవరిది?”

“దానిది. టైర్ల కొట్టు వాళ్లమ్మాయిది. కట్టింది అది, నేను వాయించానంతే. వాళ్ల గాలి మిషను ఆగి ఆగి కొట్టుకుంటుంది చూడు, ఆ నడక మీద కట్టింది. నేను మొదటిసారి విన్నప్పుడు గిటార్ కింద పెట్టేశానే. ఇంత పెద్దది నా చేతుల్లోంచి రావడమేంటి అని.” అమ్మ బంక అంటిన వేళ్లని చూసుకుంది. “రికార్డింగు కుదిరింది. పొద్దున్నే స్టూడియో గేటు దగ్గర కలుద్దామనుకున్నాం. నేను వెళ్లలేదు.”

“ఎందుకమ్మా?”

“భయమేసింది. పాడు చేస్తానేమోనని. నా పెళ్లి చూపుల్లో కూడా అంత భయపడలేదు. అది చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడిందట. నాకు మళ్లీ మొహం చూపించే ధైర్యం లేకపోయింది.” గట్టిగా ఊపిరి తీసుకుంది. “దాన్ని అడగకుండా ఒక్క స్వరం కూడా ఎక్కడికీ పోదు. మేడం కాదు కదా, ఎవరడిగినా సరే.”

“ఆవిడ ఇప్పుడెక్కడుందో ఏమో! ఎలా పట్టుకుంటాం ఒక్క రోజులో?”

“కొట్టు ఇప్పుడు అదే చూసుకుంటోంది. నెంబరు మారలేదు.” అమ్మ ఆగింది. “ఏడాదికోసారి చేస్తాను. మోగేలోపు పెట్టేస్తాను.”

చార్టమ్మ ఫోన్ తీసింది. అమ్మ చేతులకి బంక ఉండటంతో నెంబరు చెబుతూ పోయింది, ఎక్కడా తడుముకోకుండా. చార్టమ్మ నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ని బల్ల మీద ఉంచింది. ఒకసారి మోగింది. అమ్మ ఎడం చెయ్యి ఎర్ర బటన్ వైపు వెళ్లింది. చార్టమ్మ ఆ చేతిని బంకతో సహా పట్టుకుంది. రెండోసారి మోగింది.

“టైర్ల కొట్టు. చెప్పండి,” అంది ఒక ఆడగొంతు. ఆ గొంతు వెనకాల గాలి మిషను కొట్టుకుంటోంది. ఒక లాగుడు, ఒక ఆపు, రెండు లాగుళ్లు, మళ్లీ ఆపు.

అమ్మ కూతురి చేతిని గట్టిగా పట్టుకుంది.

“నేనే... నీ ఎడంచేతిదాన్ని.”

అవతల గాలి మిషను ఆగిపోయింది, ఎవరో చెయ్యి చాచి స్విచ్ కట్టేసినట్టు. ఎంతసేపటికీ ఏమీ వినపడలేదు. పెట్టేసిందనుకుని చార్టమ్మ ఫోన్ మీదికి వంగింది.

“గేటు దగ్గరే నిలబడున్నానే,” అంది ఆ గొంతు. “ఇంకా ఎంతసేపు?”